ఏసీఎల్ సర్జరీ అయి ఆరో నెల: షటిల్ టోర్నమెంటు ఆడొచ్చా?

తమ్ముడూ, నువ్వు రాసిన సంగతి ముందు క్లుప్తంగా చెప్పేస్తాను, ఇదే ఇబ్బందిలో ఉన్న మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. వయసు 31. ఊరు నెల్లూరు, ఉండేది బెంగళూరు బెళ్ళందూరులో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారానికి నాలుగు రోజులు పొద్దున్నే డబుల్స్ ఆడేవాడివి, కుడిచేతి వాటం. వెనక ఎడమ మూలకి వెళ్ళి, తల మీదుగా ఎగిరి స్మాష్ కొట్టి, ఎడమ కాలి మీద దిగావు. మోకాల్లో 'టప్'మంది, సాయంత్రానికి వాచింది. ఏసీఎల్, అంటే మోకాల్లో పై ఎముకనీ కింది ఎముకనీ కలిపి పట్టే లిగమెంటు, పూర్తిగా తెగింది. ఆ రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగింది. తొడ వెనక కండరం (హామ్‌స్ట్రింగ్) నుంచి తీసిన ముక్కతో, అంటే గ్రాఫ్ట్‌తో, ఏసీఎల్ మళ్ళీ కట్టారు, మెనిస్కస్‌కి కుట్లు వేశారు. ఇప్పటికి అయిదున్నర నెలలు. ఆఫీసుకి రమ్మన్నారని మూడో నెలలో ఫిజియో మానేశావు. నొప్పి లేదు, మెట్లెక్కుతున్నావు, ట్రెడ్‌మిల్ మీద జాగింగ్ చేస్తున్నావు. సర్జన్ "ఆరు నెలలయ్యాక మెల్లగా మొదలుపెట్టు" అన్నారు. వచ్చే నెలలో అపార్ట్‌మెంట్ టోర్నమెంటు. బ్రేస్ వేసుకుని డబుల్స్ వరకు ఆడొచ్చా, న్యూజిలాండ్ క్రికెటర్ కేన్ విలియమ్సన్ ఆరు నెలలకే వచ్చాడు కదా అన్నా, అని అడిగావు. చివర్లో ఒక్క లైను కలిపావు: ఎడమ తొడ కుడిదానికంటే సన్నగా కనిపిస్తోంది, పర్వాలేదా అని.

టోర్నమెంటు వద్దు. డబుల్స్ అయినా వద్దు, బ్రేస్ వేసుకున్నా వద్దు. నువ్వు చివర్లో ఊరికే అన్నట్టు రాసిన ఆ తొడ సంగతే అసలు ప్రశ్న. ఎందుకో చెప్తాను, కాస్త ఓపికగా చదువు.

నేను బెంగళూరులో చాలాకాలంగా స్పోర్ట్స్ ఫిజియోగా పనిచేస్తున్నాను. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు వైపు నుంచి వచ్చే మనవాళ్ళే ఎక్కువ. కథ దాదాపు ఒకటే. సర్జరీ బాగా జరుగుతుంది. మొదటి ఆరు వారాలు ఇంట్లో అమ్మో, భార్యో దగ్గరుండి వ్యాయామాలు చేయిస్తారు. మూడో నెలకి నొప్పి పోతుంది, నడక మామూలవుతుంది, వర్క్ ఫ్రమ్ హోమ్ అయిపోతుంది. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో గంట కూర్చుని ఫిజియో దగ్గరికి వెళ్ళడమెందుకులే అనిపిస్తుంది. పైగా సర్జరీకి ఇన్సూరెన్స్ వచ్చినట్టు తర్వాతి ఫిజియోకి చాలా పాలసీల్లో రాదు, జేబులోంచి పెట్టుకోవాలి. అక్కడ ఆగిపోతారు. ఆట ఆడగలిగే మోకాలు తయారయ్యేది మాత్రం మూడో నెల నుంచి తొమ్మిదో నెల మధ్యలోనే. అంటే తేలికైన సగం పూర్తి చేసి, కష్టమైన సగం వదిలేసి, ఆరో నెల వచ్చింది కదా అని కోర్టుకి వస్తున్నారన్నమాట.

సర్జన్ మాట తప్పేమీ కాదు. ఆయన అన్నది "మెల్లగా మొదలుపెట్టు" అని. అందులో 'మెల్లగా' అన్నది మనకి వినపడదు. ఈ ఆరు నెలల్లో నువ్వు చేయాల్సిన పని చేసుంటావన్న నమ్మకంతో ఆయన చెప్పిన మాట అది.

ముందు గ్రాఫ్ట్ సంగతి. నీ తొడ వెనక నుంచి టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటిది) తీసి, తొడ ఎముకలోనూ కింది ఎముకలోనూ సొరంగాలు తొలిచి, అందులోంచి పోనిచ్చి బిగించారు. బిగించిన రోజు అది గట్టిగానే ఉంటుంది. కానీ దానికి రక్తం అందదు కాబట్టి లోపలి కణాలు చాలావరకు చనిపోతాయి. తర్వాత చుట్టుపక్కల నుంచి కొత్త రక్తనాళాలు, కొత్త కణాలు దాంట్లోకి వస్తాయి. నారు పీకి నాటితే మొదట్లో వాడిపోయి, వేరు పట్టాక పచ్చబడినట్టే ఇదీను. సుమారు ఆరో వారం నుంచి పన్నెండో వారం వరకు గ్రాఫ్ట్ బాగా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనిషికి నొప్పి తగ్గి హుషారొస్తుంది! టెండన్ కాస్తా లిగమెంటులా మారడం ఏడాది దాటినా సాగుతూనే ఉంటుంది. ఈ మార్పు నీకు తెలిసేది కాదు. కొత్త గ్రాఫ్ట్ బలంగా ఉందో లేదో నొప్పి రూపంలో చెప్పదు. అందుకని "నొప్పి లేదు" అన్న మాటకి ఇక్కడ పెద్ద విలువ లేదు.

నార్వేలోని ఓస్లో, అమెరికాలోని డెలావేర్ పరిశోధకులు కలిసి 106 మందిని రెండేళ్ళపాటు గమనించి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. సర్జరీ తర్వాత ఆటకి తిరిగి రావడాన్ని తొమ్మిదో నెల వరకు ఒక్కో నెల వాయిదా వేసినకొద్దీ, మోకాలు మళ్ళీ దెబ్బతినే ప్రమాదం దాదాపు సగానికి సగం తగ్గింది. తొమ్మిదో నెల దాటాక ఆగడం వల్ల అదనంగా లాభం కనిపించలేదు. చాలామంది ఇంతవరకే చదివి "సరే, తొమ్మిది నెలలు" అని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంటారు. అందులోనే ఇంకో అంకె ఉంది: ఆటకి వచ్చేముందు బలం, గెంతు పరీక్షలన్నీ పాసైనవాళ్ళలో మళ్ళీ దెబ్బ తగిలింది 5.6 శాతం మందికి. పాసవకుండా వచ్చినవాళ్ళలో 38.2 శాతం మందికి. అంటే తొమ్మిది నెలలు సోఫాలో కూర్చుని వచ్చినా ఒరిగేదేమీ లేదు.

విలియమ్సన్ సంగతికి వద్దాం. 2023 మార్చి 31న ఐపీఎల్ మొదటి మ్యాచ్‌లో బౌండరీ దగ్గర క్యాచ్‌కి ఎగిరి పడ్డాడు. అక్టోబర్ 13న చెన్నై చెపాక్‌లో ప్రపంచకప్ మ్యాచ్ ఆడాడు, 78 పరుగులు చేశాడు. నిజమే, సర్జరీ నుంచి లెక్కేస్తే ఆరు నెలలే. కానీ ఆ ఆరు నెలలు ఆయన ఉద్యోగమే మోకాలు. పొద్దున్న ఫిజియో, మధ్యాహ్నం జిమ్, పక్కనే ట్రైనరు. నీది రోజుకి తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చునే ఉద్యోగం. పైగా బ్యాటింగ్‌లో మోకాలు పడే శ్రమ వేరు, వెనక్కి ఎగిరి ఒంటికాలి మీద దిగే ఆటలో పడేది వేరు. పోలిక కావాలంటే నీ ఆటలోనే చూడు. స్పెయిన్ షటిల్ ఛాంపియన్ కరోలినా మారిన్‌కి 2019 జనవరిలో ఇండోనేషియా మాస్టర్స్ ఫైనల్లో మన సైనా మీద ఆడుతుండగా కుడి మోకాలి ఏసీఎల్ పోయింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో చైనా ఓపెన్ గెలిచేసింది. 2021లో, టోక్యో ఒలింపిక్స్‌కి ముందు, ఎడమ మోకాలు పోయింది. 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో గెలుపు అంచున ఉండగా మళ్ళీ కుడి మోకాలే. అంత వసతి, అంత శ్రద్ధ ఉన్న మనిషికే ఇలా జరిగింది. తొందరపడింది కాబట్టే అయిందని నేననను, అది తేల్చే అర్హత నాకు లేదు. షటిల్‌లో ఒకసారి పోయిన మోకాలుకీ, దాని పక్కనున్న మోకాలుకీ ముప్పు ఎంతుంటుందో చెప్పడానికే ఆమె పేరెత్తాను. మనవాళ్ళలో రిషభ్ పంత్‌ని చూడు. 2022 డిసెంబర్ చివర్లో కారు ప్రమాదం, తర్వాత మోకాలి లిగమెంట్ల సర్జరీ, మన బెంగళూరు ఎన్‌సీఏలోనే (నేషనల్ క్రికెట్ అకాడమీ) నెలల తరబడి కసరత్తు. మళ్ళీ మ్యాచ్ ఆడింది 2024 మార్చిలో. ఆయనది నీకంటే పెద్ద దెబ్బే, ఒప్పుకుంటాను. కానీ ఎవరూ ఆయన్ని తొందరపెట్టలేదు.

ఇక తొడ.

మోకాల్లో దెబ్బ తగిలి నీరు చేరగానే, తొడ ముందు కండరానికి, అంటే క్వాడ్స్‌కి, నరాల నుంచి వెళ్ళే ఆదేశం తగ్గిపోతుంది. మనకెంత పట్టుదల ఉన్నా కండరం పూర్తిగా బిగవదు. వారాల్లో కరిగిపోతుంది. దిగేటప్పుడు, ఆగేటప్పుడు శరీరం బరువుని పట్టుకునేది ఆ కండరమే. అది పట్టుకోకపోతే భారం కీలు మీదా, గ్రాఫ్ట్ మీదా, కుట్లేసిన మెనిస్కస్ మీదా పడుతుంది. నీకు తొడ వెనక నుంచి టెండన్ తీశారు కాబట్టి హామ్‌స్ట్రింగ్ కూడా బలహీనపడి ఉంటుంది, ముఖ్యంగా మోకాలు బాగా మడిచినప్పుడు. హామ్‌స్ట్రింగ్ కింది ఎముకని వెనక్కి లాగి ఏసీఎల్‌కి సాయం చేస్తుంది. ఆ సాయమూ తగ్గిందన్నమాట.

మూడో నెలలో మానేసినవాళ్ళు చేసే వ్యాయామాలు నాకు కంఠతా వచ్చు: కాలికి రబ్బరు బ్యాండు కట్టుకుని పక్కకి నడవడం, గోడకి ఆనుకుని కూర్చోవడం, కాలు తిన్నగా లేపడం. ఇవి మొదటి రెండు నెలలకి బంగారం. అయిదో నెలలో వీటితో కండరం పెరగదు. కండరం పెరగాలంటే బరువెత్తాలి. నీ అపార్ట్‌మెంట్ జిమ్‌లో లెగ్ ప్రెస్, లెగ్ ఎక్స్‌టెన్షన్, హామ్‌స్ట్రింగ్ కర్ల్ మెషీన్లు ఉండే ఉంటాయి. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. ఏ వ్యాయామమైనా ఒక్కో కాలితో విడిగా చెయ్యి, రెండు కాళ్ళతో చేస్తే కుడికాలు మోసేస్తుంది, ఎడమది పక్కన కూర్చుని చూస్తుంది. ఎడమతో మొదలుపెట్టు, ఎడమకి ఒక సెట్టు ఎక్కువ చెయ్యి. ఆరు నుంచి ఎనిమిది సార్లు ఎత్తేసరికి చివరి రెండూ కష్టమయ్యేంత బరువు పెట్టాలి. కబుర్లు చెప్పుకుంటూ ఇరవై సార్లు ఎత్తగలిగితే అది నీకు సరిపోయే బరువు కాదు.

లెగ్ ఎక్స్‌టెన్షన్ అంటే చాలామంది భయపడతారు, గ్రాఫ్ట్ సాగిపోతుందని జిమ్ ట్రైనర్లు కూడా వద్దంటారు. మొదటి వారాల్లో ఆ జాగ్రత్త అవసరమే. నీకిప్పుడు అయిదున్నర నెలలు. క్వాడ్స్‌ని ఒంటరిగా పనిచేయించే మెషీను అదొక్కటే. స్క్వాట్‌లో తుంటి, చీలమండ కలిసి దొంగ సాయం చేస్తాయి, లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో ఆ దొంగతనం కుదరదు. మోకాలి చిప్ప దగ్గర నొప్పొస్తే చివరిదాకా చాచకుండా, నొప్పి లేని మేరకు చెయ్యి.

పిక్కని మాత్రం మర్చిపోవద్దు. మోకాలు చాచి ఒకసారి, కాస్త మడిచి ఒకసారి, రెండు రకాలుగానూ ఒంటికాలి మీద మడమ లేపాలి. పిక్క లోపలి కండరం కూడా కింది ఎముకని వెనక్కి లాగేదే. షటిల్ ఆడేవాళ్ళకి మడమ వెనక టెండన్ కూడా ముఖ్యం కాబట్టి రెండందాలా పనికొస్తుంది.

మెనిస్కస్‌కి కుట్లున్నాయి కాబట్టి ఒక జాగ్రత్త. 90 డిగ్రీలు దాటి బరువుతో మోకాలు మడవడం ఎప్పటినుంచో నీ సర్జన్‌నే అడుగు. చిరుగు ఎక్కడుంది, ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి మారుతుంది. ఇది జిమ్‌కి మాత్రమే కాదు. ఊరెళ్ళినప్పుడు నేల మీద బాసింపట్టు, ఇండియన్ టాయిలెట్, వ్రతానికి పీటల మీద గంటసేపు కూర్చోవడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. పంతులుగారికి ముందే చెప్పి కుర్చీ వేయించుకో, ఎవరూ ఏమీ అనుకోరు.

తిండి గురించి రెండు మాటలు. కండరం కట్టాలంటే శరీర బరువు కిలోకి 1.6 గ్రాముల ప్రోటీన్ దాకా కావాలి. నువ్వు 70 కిలోలైతే రోజుకి 110 గ్రాములకి పైనే. పొద్దున దర్శిని హోటల్లో ఇడ్లీ వడ, మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో సాంబారన్నం, రాత్రి పెరుగన్నం, ఇలా తింటే సగం కూడా రాదు. గుడ్లు, చికెన్, చేపలు, పనీర్, సోయా, పప్పు మామూలు కంటే రెట్టింపు, ఏది కుదిరితే అది.

సిద్ధమయ్యానో లేదో ఎలా తెలుస్తుంది? మొదట ఇంట్లోనే చూసుకోగలిగినవి. మంచం మీద బోర్లా పడుకుని రెండు పాదాలూ మంచం అంచు బయట వేలాడనివ్వు, మడమలు రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. ఎడమది పైకి లేచి ఉంటే మోకాలు ఇంకా పూర్తిగా చాచుకోవడం లేదు. అది ముందు సరిచేసుకోవాలి, ఆట సంగతి తర్వాత. ఇంకోటి వాపు. జిమ్‌కో జాగింగ్‌కో వెళ్ళొచ్చిన మర్నాడు పొద్దున రెండు మోకాళ్ళ చిప్పల పక్కన గుంటలు ఒకేలా ఉన్నాయా చూడు. ఎడమవైపు గుంట పూడుకుపోతే నీరు చేరింది, నిన్న చేసింది ఎక్కువైంది. కుర్చీ ఎత్తున్న బల్ల మీద నుంచి ఒంటికాలితో లేచి కూర్చో, చేతులు కట్టుకుని. ఎడమతో ఇరవై దాటి, కుడికి దాదాపు సమానంగా రావాలి. తొడ చుట్టుకొలత టేపుతో కొలవడం సరదాకి పర్వాలేదు, బలం దాంతో తెలియదు.

అసలైన బలం కొలవడానికి డైనమోమీటర్ కావాలి, అంటే కండరం బలాన్ని అంకెల్లో చూపించే మెషీను. బెంగళూరులో స్పోర్ట్స్ మెడిసిన్ విభాగాలున్న పెద్ద ఆసుపత్రుల్లోనూ, కొన్ని స్పోర్ట్స్ ఫిజియో సెంటర్లలోనూ ఉంటుంది. ఫోన్ చేసి "క్వాడ్స్ బలం మెషీన్ మీద కొలుస్తారా, అంకెలతో రిపోర్టు ఇస్తారా" అని సూటిగా అడుగు. చేత్తో నొక్కి చూసి "బాగుంది సార్" అనేవాళ్ళ దగ్గరికి ఇందుకోసం వెళ్ళొద్దు. ఎడమకాలు కుడికాలిలో 90 శాతానికి తగ్గకూడదన్నది అందరూ వాడే గీత. ఇందులో ఒక కిటుకుంది. ఈ ఆరు నెలల్లో నీ కుడికాలు కూడా నీరసించింది. నీరసించిన దానిలో 90 శాతం వచ్చిందని సంబరపడితే మోసపోయినట్టే. అందుకే శరీర బరువుతో పోల్చిన అంకె కూడా అడుగు. మగవాళ్ళకి ఐసోకైనెటిక్ (ఎంత బలంగా తన్నినా ఒకే వేగంతో కదిలే) మెషీన్ మీద తక్కువ వేగంలో కిలోకి 3 న్యూటన్ మీటర్ల దగ్గర్లో ఉండాలని చాలాచోట్ల చూస్తారు.

తర్వాత గెంతు పరీక్షలు. ఒంటికాలితో ఒక గెంతు, వరసగా మూడు గెంతులు, గీతకి అటూ ఇటూ దాటుతూ మూడు, ఆరు మీటర్లు ఎంత వేగంగా గెంతుతావన్నది. వీటిలోనూ 90 శాతమే గీత. దూరం ఒక్కటే చూసి పాస్ చేయడం నాకు నచ్చదు. ముందుకి గెంతేటప్పుడు తుంటి, చీలమండ ఎక్కువ పని చేసేస్తాయి, మోకాలు నక్కి కూర్చుంటుంది. దూరం మాత్రం సమానంగానే వస్తుంది. అందుకని ఎదురుగా ఒకసారి, పక్క నుంచి ఒకసారి ఫోన్‌లో స్లో మోషన్ తీయించు. ఎడమ కాలి మీద దిగేటప్పుడు మోకాలు మడవకుండా కర్రలా దిగుతున్నావా, మోకాలు లోపలికి వాలుతోందా, నడుం ముందుకి పడుతోందా, అన్నీ కనిపిస్తాయి. నిట్టనిలువుగా ఒంటికాలితో ఎగరడం కూడా చేయించు. మోకాలి దొంగతనం అందులో త్వరగా దొరుకుతుంది.

ట్రెడ్‌మిల్ జాగింగ్ గురించి నువ్వు గర్వంగా రాశావు, సంతోషమే. కానీ ట్రెడ్‌మిల్ మీద ఆగడం లేదు, తిరగడం లేదు, ఎగిరి ఒంటికాలి మీద దిగడం లేదు. ఏసీఎల్ ఎక్కువగా తెగేది ఆ మూడింటిలోనే. బలం కొంత వచ్చాక కైకొండ్రహళ్ళి చెరువు కట్ట మీదో, మీ కాంప్లెక్స్ లోపలి రోడ్డు మీదో నేల పరుగు మొదలుపెట్టు. తర్వాత వేగంగా వెళ్ళి మూడడుగుల్లో ఆగడం. ఆ తర్వాత మలుపులు.

ఇప్పుడు కోర్టు. కుడిచేతి ఆటగాళ్ళకి ఎడమ మోకాలు పోయే దారి నీది అచ్చంగా అదే. వెనక ఎడమ మూలలో తల మీదుగా కొట్టినప్పుడు ఒళ్ళు ఎడమకి వాలుతుంది, భారమంతా ఎడమ కాలి మీదికొస్తుంది, మోకాలు లోపలికి పడుతుంది. షటిల్‌లో ఏసీఎల్ గాయాల మీద జపాన్‌లో జరిగిన పరిశోధనలో కూడా ఇదే బయటపడింది: రాకెట్ చేతికి ఎదురు కాలు, బ్యాక్‌హ్యాండ్ వైపు వెనక మూల, ఒంటికాలి దిగుడు. కాబట్టి ఆ మూల నీకు అన్నిటికంటే చివర రావాలి. మొదట రాకెట్ పట్టుకుని షటిల్ లేకుండా ముందు, మధ్య భాగంలో అడుగులు. నెట్ దగ్గర ఒక కాలు ముందుకి చాచి వంగే అడుగులో (లంజ్) నీ కుడికాలు ముందుంటుంది, అది కొంత సుఖం. తర్వాత ఎటు వేస్తారో ముందే చెప్పి షటిల్ వేయించుకోవడం. తర్వాత చెప్పకుండా. తర్వాత వెనక కుడి మూల, కాళ్ళు నేల మీదే ఉంచి క్లియర్ (ఎదుటి కోర్టు వెనక దాకా ఎత్తుగా కొట్టడం), డ్రాప్ (నెట్ దాటగానే పడేలా మెల్లగా వేయడం). ఆ తర్వాతే ఎడమ మూల, అదీ ఎగరకుండా. ఎగిరి కొట్టడం ఆఖరు. ఒక్కో మెట్టు మీద వారమో, రెండు వారాలో. ఒకసారికి ఒక్కటే పెంచు, వేగమో, సమయమో, ఎగరడమో. మర్నాడు పొద్దున వాపుంటే వెనకటి మెట్టుకి దిగు.

"డబుల్సే కదా" అన్నావు. డబుల్స్‌లో పరుగు తక్కువ, నిజమే. కానీ స్మాష్‌లు ఎక్కువ, ఆలోచించే వ్యవధి తక్కువ, పక్కన ఇంకో మనిషి ఉంటాడు. షటిల్ ఇద్దరి మధ్యకి వస్తే ఇద్దరూ దూకుతారు. నిజానికి నేను నా పేషెంట్లకి ముందు నెమ్మదైన హాఫ్ కోర్ట్ సింగిల్స్ ఇస్తాను, డబుల్స్ తర్వాత. టోర్నమెంటు ఇంకా తర్వాత, ఎందుకంటే అక్కడ పాయింటు కనిపిస్తే మోకాలు గుర్తుండదు.

మన పొద్దుటి బ్యాచ్‌ల గురించి ఒక చిరాకు చెప్పుకోవాలి. ఆరు గంటల స్లాట్‌కి ఆరు గంటలకి పార్కింగ్‌లో బండి పెట్టి, ఆరూ రెండుకి స్మాష్ కొట్టేవాళ్ళే అందరూ! కోర్టుకి గంటకింత అని డబ్బు కడుతున్నాం కాబట్టి వార్మప్ దండగ అనిపిస్తుంది. వార్మప్ కోర్టు బయట చెయ్యి, పదిహేను నిమిషాలు ముందొచ్చి. వానాకాలంలో రేకుల షెడ్డు కోర్టుల్లో మ్యాట్ చెమ్మగా ఉంటే ఆ రోజు ఆడొద్దు. వీధిలో తొక్కిన బూట్లతో కోర్టులోకి వెళ్ళొద్దు. అరిగిన గమ్ సోల్ మార్చు.

బ్రేస్ గురించి: గ్రాఫ్ట్ మళ్ళీ తెగకుండా బ్రేస్ కాపాడుతుందనడానికి గట్టి ఆధారం లేదు. మెడికల్ షాపులో దొరికే నీ-క్యాప్ వెచ్చదనం ఇస్తుంది, అంతే. చూసి ఎదుటివాళ్ళు కాస్త నెమ్మదిగా ఆడితే అదొక్కటే లాభం.

భయం గురించి నువ్వు రాయలేదు. ఇప్పుడు లేకపోయినా కోర్టులో మొదటిసారి వెనక్కి అడుగేసినప్పుడు వస్తుంది. 2014లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, సర్జరీ తర్వాత ఏదో ఒక ఆటకి తిరిగి వచ్చినవాళ్ళు 81 శాతం. వెనకటి స్థాయికి వచ్చింది 65 శాతమే, పోటీల్లోకి వచ్చింది 55 శాతం. మిగిలినవాళ్ళందరి మోకాళ్ళూ బాగాలేక కాదు, చాలామందిని ఆపింది మనసు. దీన్ని కొలవడానికి పన్నెండు ప్రశ్నల పట్టిక ఉంది, ఏసీఎల్-ఆర్‌ఎస్‌ఐ అంటారు. నీ ఫిజియో దగ్గర లేకపోతే అడిగి పెట్టించుకో. స్కోరు బాగా తక్కువుంటే కోర్టు మెట్లు ఇంకా నెమ్మదిగా ఎక్కాలి. భయాన్ని తిట్టి పోగొట్టలేం. ఒంటికాలి మీద వందలసార్లు పద్ధతిగా దిగితే అదే సన్నగిల్లుతుంది. మన గోపీచంద్‌కి 1994లో మోకాలు తీవ్రంగా దెబ్బతింది, సర్జరీలయ్యాయి. ఈ బెంగళూరులోనే ప్రకాశ్ పదుకొణె అకాడమీలో సాధన చేసి, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ఏడేళ్ళు. నీకు ఏడేళ్ళక్కర్లేదు, ఇంకో మూడున్నర నెలలు చాలు.

అమ్మ "ఇంక ఆ ఆట మానెయ్ నాయనా" అంటుంటే కోప్పడకు. అదీ ఒక దారే. ఈత, సైకిలు, కట్ట మీద నడక, వీటితో హాయిగా బతకొచ్చు. అసలు ఏసీఎల్ తెగిన ప్రతివాళ్ళకీ సర్జరీ కూడా అక్కర్లేదు. స్వీడన్‌లో 121 మందితో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, వెంటనే సర్జరీ చేయించుకున్నవాళ్ళూ, ముందు వ్యాయామంతో మొదలుపెట్టి అవసరమైతేనే సర్జరీకి వెళ్ళినవాళ్ళూ రెండేళ్ళకి దాదాపు ఒకే స్థితిలో ఉన్నారు. ఇంకా సర్జరీ చేయించుకోనివాళ్ళు ఈ ముక్క పట్టుకుని డాక్టరుతో మాట్లాడండి. మోకాలు నడకలోనే జారిపోతుంటే, మెనిస్కస్ ఇరుక్కుని కాలు చాచలేకపోతుంటే లెక్క వేరు.

మళ్ళీ ఆడటం మొదలయ్యాక కూడా మొదటి రెండేళ్ళు ముప్పు ఎక్కువ. ఇరవై అయిదేళ్ళలోపు వయసులో మళ్ళీ ఆటకి వెళ్ళినవాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరికి ఆ మోకాలో, రెండోదో పోతుందని లెక్కలున్నాయి. నీ వయసుకి అంత ఉండదు, కానీ సున్నా కాదు. ఆడినన్నాళ్ళూ వారానికి రెండు రోజులు బరువులు ఆపొద్దు. నాలుగు రోజులు ఆడేవాడివి, మూడుకి తగ్గించి ఒకటి జిమ్‌కివ్వు.

మోకాలు ఉన్నట్టుండి ఇరుక్కుపోయినా, చాచుకోవడం రోజురోజుకీ తగ్గినా, నడుస్తుంటే జారినట్టు అనిపించినా, ఏ పనీ చేయకుండానే వాచినా ఇవన్నీ పక్కన పెట్టి నేరుగా సర్జన్ దగ్గరికి వెళ్ళు. గ్రాఫ్ట్ ముందు గడ్డలా పెరిగి కాలు చాచనివ్వని పరిస్థితి కొందరికి వస్తుంది, దానికి వ్యాయామం మందు కాదు.

ఈ రెండు వారాల్లో మూడు పనులు చెయ్యి. సర్జన్‌ని మెనిస్కస్ గురించి, లోతుగా మడవడం గురించి అడుగు. క్వాడ్స్, హామ్‌స్ట్రింగ్ బలం మెషీన్ మీద కొలిపించుకో. ఒంటికాలితో బల్ల మీద నుంచి లేచే వీడియో రెండు కాళ్ళకీ తీయించు. ఫిజియో దగ్గరికి వారానికి మూడుసార్లు వెళ్ళక్కర్లేదు, నెలకి రెండుసార్లు వెళ్ళి బరువులు సరిచేయించుకుంటే నీ ట్రాఫిక్ గొడవా తీరుతుంది, ఖర్చూ తగ్గుతుంది. ఆ అంకెలు రాస్తే ఎంత బరువుతో మొదలుపెట్టాలో చెప్తాను. టోర్నమెంటు వాళ్ళకి మాత్రం పేరు తీసేయమని ఇవాళే చెప్పు, నీ పార్ట్‌నర్ ఇంకొకర్ని వెతుక్కోవాలి కదా.